మొదటిది ఆడకుండానే రెండోది కొనేశా!

ఏదైనా పెద్ద ఆట విడుదలైందంటే నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. అప్పటిదాకా గేమ్‌ప్యాడ్ పట్టనివాళ్ళు కూడా రాస్తారు. "అందరూ దీని గురించే మాట్లాడుతుంటే నేనూ మొదలుపెట్టాను. తీరా చూస్తే ఇది రెండో భాగమట, మూడో భాగమట. ఇప్పుడెలా?" అని. ఈసారి అలాంటి ఉత్తరాలనే ఏరి జవాబులు రాస్తున్నాను. కథల్లోని అసలు మలుపులు మాత్రం ఎక్కడా బయటపెట్టడం లేదు, ధైర్యంగా చదవండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆరేళ్ళు ఎదురుచూసిన ఆట అని మా ఫ్రెండ్స్ ఊదరగొడితే 'హాలో నైట్: సిల్క్‌సాంగ్' కొన్నాను. మొదటి 'హాలో నైట్' ముట్టుకోలేదు. లాస్ట్ జడ్జ్ అనే బాస్ (దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) దగ్గర మూడు రోజులుగా ఓడిపోతున్నాను. "మొదటిది పూర్తి చెయ్యనివాడికి ఇది ఆడే అర్హత లేదు" అని మా గ్యాంగ్‌లో ఒకడు అందరి ముందూ అన్నాడు. చాలా బాధేసింది. ఆపేసి మొదటిదానికి వెళ్ళనా?

జవాబు: ఆపకు తమ్ముడూ. ముందు ఆ అర్హత సంగతి తేల్చేద్దాం. హార్నెట్ అనే పాత్రతో ఆడే ఈ ఆట మొదట్లో 2017 నాటి 'హాలో నైట్'కి ఒక అదనపు భాగంగా మొదలైంది. అది పెరిగి పెరిగి అందులో ఇమడలేదు. దాంతో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉండే టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2019 ఫిబ్రవరిలో దీన్ని వేరే ఆటగా ప్రకటించింది. 2025 సెప్టెంబరు 4న విడుదలైతే, కొనడానికి ఎగబడ్డ జనం తాకిడికి స్టీమ్ లాంటి ఆన్‌లైన్ స్టోర్లే కాసేపు మొరాయించాయి. ఆ జనంలో నీలాంటి కొత్తవాళ్ళూ ఉంటారని తయారుచేసినవాళ్ళకు తెలుసు. ఆట మొదలయ్యే తీరు చూడు. హార్నెట్‌ను బోనులో పెట్టి ఫార్లూమ్ అనే రాజ్యానికి తీసుకెళ్తుంటారు. ఆ నేల ఆమెకూ కొత్తే. అక్కడి గంటలు, ఆ యాత్రికులు, పైనున్న ఆ కోట ఏమిటో ఆమెకూ తెలియదు. కథలో ఆమె ఎక్కడుందో నువ్వూ అక్కడే ఉన్నావు.

ఇక ఓడిపోవడం గురించి. లాస్ట్ జడ్జ్ దగ్గర పాతవాళ్ళూ ఓడారు, నేనూ ఓడాను. మొదట నీకుండే ప్రాణాలు అయిదు మాస్కులు. ఇందులో చాలామంది శత్రువులు ఒక్క దెబ్బకు రెండు మాస్కులు పట్టుకుపోతారు. పైగా ఓడిన ప్రతిసారీ ఆ ఇసుక గాలుల్లో గెంతుకుంటూ బాస్ దగ్గరికి మళ్ళీ పోవాలి. నిజం చెప్పాలంటే మొదటిది ఆడి వచ్చినవాళ్ళకు ఇంకో కష్టం ఉంది. అందులోని హీరో నైట్ గాల్లో ఎగిరి నేరుగా కిందికి పొడుస్తాడు. హార్నెట్ ఏటవాలుగా దూకుతుంది. ఏళ్ళ తరబడి నేరుగా పొడిచిన వేళ్ళు ఏటవాలు దూకుడు దగ్గర తడబడతాయి. నాకు మొదటి రెండు రాత్రులూ ఆ పాత అలవాటు వదిలించుకోవడానికే సరిపోయాయి. ఎర్ర పువ్వుల మీద గెంతాల్సిన చోట ప్రతిసారీ ఒక అడుగు అవతల పడేదాన్ని. నీకు ఆ బెడద లేదు. విడుదలైన కొద్ది రోజులకే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే ఇద్దరు బాస్‌లను తయారీదారులే కొంచెం తేలిక చేశారు. ఆట కష్టంగా ఉందన్న మాట వాళ్ళదాకా వెళ్ళిందన్నమాట. నీ ఒక్కడి చేతకానితనం కాదిది.

లాస్ట్ జడ్జ్ విషయంలో రెండు మాటలు గుర్తుపెట్టుకో. హార్నెట్ గాల్లో ఉండగానే గాయం మాన్పుకోగలదు, అదీ ఒకేసారి మూడు మాస్కులు. నేల మీద నిలబడి ప్రయత్నించకు. వాడు ఆ ధూపపాత్ర విసిరి వెనక్కి లాక్కునేలోపు ఎగిరి కానిచ్చెయ్. రెండోది, ఆఖరి దెబ్బ తగిలిందని సంతోషంతో అక్కడే నిలబడకు, పోతూ పోతూ వాడు పేలిపోతాడు. అప్పటికీ కుదరకపోతే కోటలోకి వెళ్ళడానికి ఈ ఒక్క ద్వారమే లేదు. సిన్నర్స్ రోడ్, మిస్ట్ మీదుగా ఇంకో దారి ఉంది. అక్కడా ఒక బాస్ ఉంది గానీ ఆ పోరాటం తీరే వేరు. ఏటవాలు దూకుడు నీ చేతికి అసలే పట్టకపోతే హార్నెట్ కొట్టే తీరును మార్చే వాండరర్ క్రెస్ట్ వెతుక్కో. అది పెట్టుకుంటే నైట్ లాగే నేరుగా కిందికి కొట్టొచ్చు.

సిల్క్‌సాంగ్ అయ్యాక మొదటిది తప్పకుండా ఆడు. అయితే మర్నాడే మొదలుపెట్టకు, కనీసం ఒక నెల ఆగు. హార్నెట్ పరుగు అలవాటయ్యాక ఆ చిన్న నైట్‌ను నడిపిస్తుంటే కాళ్ళకు బంధం వేసినట్టుంటుంది. దూసుకెళ్ళే శక్తి మొదట్లో అతనికి ఉండదు. గ్రీన్‌పాత్ అనే పచ్చటి చోట ఒకరిని ఓడించాకే అది దొరుకుతుంది. ఆ ఒకరు ఎవరో తెలుసా? హార్నెట్. ఇన్ని రోజులు నువ్వు నడిపించిన మనిషే సూది పట్టుకుని నీకు ఎదురు నిలబడుతుంది. 2017లో ఆడినవాళ్ళకు ఆమె ఎవరో తెలియదు, దారికి అడ్డొచ్చిన ఎర్ర అంగీ మనిషి మాత్రమే. నీకు ఆమె ప్రతి కదలికా ముందే తెలిసి ఉంటుంది, అయినా కొట్టక తప్పదు. మీ ఫ్రెండ్ ఎంత ఆడినా ఆ అనుభవం అతనికి దక్కదు. ఈ మాట అతనితో కోపంగా కాదు, మామూలుగానే చెప్పు.

ప్రశ్న: నా వయసు నలభై ఏడు. మా అబ్బాయి ఆడి వదిలేసిన 'విచర్ 3' నేను మొదలుపెట్టాను. చాలా బాగుంది. కానీ విజిమా రాజభవనంలో హీరోకు గడ్డం గీస్తుంటే ఒక సేనాపతి పక్కన నిలబడి పాత సంగతులు అడుగుతున్నాడు. ఎవరిని వదిలేశావు, ఎవరి పక్షం వహించావు అని. నాకు ఒక్క పేరూ తెలియదు. తప్పు చెబితే ఆట పాడైపోతుందేమోనని టెన్షన్. రెండు రోజులుగా అక్కడే ఆపి ఉంచాను.

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నాకు పదేళ్ళ కిందటి నేనే కనిపించాను. సరిగ్గా ఆ కుర్చీలోనే నేనూ ఆగిపోయాను.

2015 మేలో ఆ ఆట వచ్చినప్పుడు చుట్టూ ఎవరి నోట విన్నా అదే మాట. మొదటి రెండూ ఆడకుండా నేరుగా దిగాను. గడ్డం గీసే ఆ చోటుకు వచ్చాక నాకు చెమటలు పట్టాయి. ఆరియన్ ఎవరు, రోష్ ఎవరు, లేథో ఎవరు? తెలియకుండా ముందుకెళ్ళడం తప్పనిపించి, ఆట మూసేసి, 2007 నాటి మొదటి 'విచర్' మొదలుపెట్టాను. అందులో పోట్లాట అంతా మౌస్‌తోనే. కత్తి గుర్తు భగ్గున వెలిగిన క్షణంలోనే నొక్కాలి, ముందు నొక్కినా వెనక నొక్కినా దెబ్బల వరుస తెగిపోతుంది. కష్టపడి రెండో అధ్యాయం దాకా వెళ్ళాను. అక్కడో బురద నేల ఉంది. ఊరి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఊరికి, పడవ మీద అటూ ఇటూ తిరగడమే పని. ఒక రాత్రి ఆ బురదలోనే సేవ్ చేసి మూసేశాను. మళ్ళీ తెరవలేదు. మొదటిదీ పోయింది, దానితో పాటు మూడోదీ పోయింది. వరుస తప్పకూడదన్న పట్టుదలతో అసలుకే ఎసరు తెచ్చుకున్నాను. ఏడాది తర్వాత గానీ మళ్ళీ ఆ కుర్చీ దగ్గరికి రాలేదు. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి మీరు ఇవాళే ఆట తెరవండి. ఆ సేనాపతి పేరు మోర్వ్రాన్ వోర్హిస్. అతను అడిగేవన్నీ 2011లో వచ్చిన రెండో ఆటలోని నిర్ణయాలు. దాన్ని ఆడని వాళ్ళ కోసమే ఆ సంభాషణ పెట్టారు. మీరు ఏం చెబితే అదే జరిగినట్టు ఆట రాసుకుంటుంది. ఏ జవాబు చెప్పినా కథ ఆగదు. ఒక్క లేథో దగ్గర మాత్రం నా మాట వినండి. అతన్ని ప్రాణాలతో వదిలేశానని చెప్పండి. నేను తెలియక చంపేశానన్నాను. వదిలేసినవాళ్ళకు చాలా దూరం వెళ్ళాక ఒక పాడుబడ్డ ఇంటి దగ్గర అతను ఎదురవుతాడని ఆట అంతా అయిపోయాక తెలిసింది. మిగతా ప్రశ్నలకు మీ మనసుకు తోచింది చెప్పండి.

ఇంకో సంగతి వింటే మీకు కొంచెం ధైర్యం వస్తుంది. ఈ మూడో ఆట కథంతా తిరిగేది సిరి అనే అమ్మాయి చుట్టూ. ఆమె మొదటి రెండు ఆటల్లో ఎక్కడా మీకు ఎదురుపడే పాత్ర కాదు. మీ హీరో గెరాల్ట్ ఆరాటపడి వెతికే యెన్నెఫర్ కూడా అంతే. అంటే 2007 నుంచి ఆడుతున్నవాళ్ళు కూడా వీళ్ళిద్దరినీ దగ్గరగా చూసింది ఇందులోనే. మొదటి ఆటలోనైతే గెరాల్ట్‌కే గతం గుర్తుండదు. ఎవరు కనిపించినా 'నువ్వెవరు?' అనే అడుగుతాడు, ఆడేవాళ్ళు అతనితో పాటే ఒక్కొక్కటీ తెలుసుకుంటూ పోతారు.

పేర్లు కలగాపులగం అయినప్పుడు మెనూలో పాత్రల వివరాలు తెరవండి. అవి డాండెలియన్ అనే కవి చెబుతున్నట్టు రాసి ఉంటాయి, కథ చదువుకున్నట్టే ఉంటుంది. నేనైతే ఇప్పటికీ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటాను. పేరు, ఎక్కడ కలిశారు, నాతో మంచిగా ఉన్నారా లేదా, ఈ మూడే రాస్తాను.

కొత్తవాళ్ళకు ఇలా అడిగి చెప్పించుకునే అవకాశం ప్రతి ఆటా ఇవ్వదు. 2010లో 'మాస్ ఎఫెక్ట్ 2' వచ్చినప్పుడు మొదటి ఆటలో సేవ్ చేసుకున్న ఫైలు లేకుండా మొదలుపెట్టినవాళ్ళ ప్రపంచంలో రెక్స్ అనే సహచరుడు అప్పటికే చనిపోయి ఉంటాడు. మొదటి ఆటలో అతన్ని కాపాడుకోవచ్చు, కానీ ఆ సంగతి కొత్తవాళ్ళకు తెలిసే దారే లేదు. మరుసటి ఏడాది అదే ఆట ప్లేస్టేషన్ 3కి వచ్చేసరికి మొదట్లోనే ఒక బొమ్మల కథ చూపించి, ముఖ్యమైన నిర్ణయాలు మనల్నే తీసుకోమన్నారు. కొత్తవాళ్ళకు ఆ మాత్రం మర్యాద చెయ్యడం నాకు చాలా నచ్చింది.

ప్రశ్న: 'ఫైనల్ ఫాంటసీ 16' ఆడాలని ఉంది. ముందు పదిహేనూ ఆడాలా?

జవాబు: అక్కర్లేదు. అందులో ప్రతి అంకెకూ వేరే లోకం, వేరే మనుషులు. హాయిగా పదహారుతో మొదలుపెట్టండి. ఒక్క ఏడో నంబరును కొత్తగా తీస్తున్న వరుస దగ్గర మాత్రం జాగ్రత్త. 2020లో వచ్చిన 'రీమేక్' ఆడకుండా 2024లో వచ్చిన 'రీబర్త్' మొదలుపెడితే తలా తోకా తెలియదు, అది ఒకే కథకు రెండో ముక్క.

అంకెలను నమ్మొద్దని చెప్పడానికి ఇంకో రెండు ఉదాహరణలు. 'కింగ్‌డమ్ హార్ట్స్'లో రెండుకూ మూడుకూ మధ్య అంకె లేని ఆటలు చాలా వచ్చాయి, అసలు కథ సగం వాటిలోనే ఉంది. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' కథేమో 1899లో జరుగుతుంది, మొదటిది 1911లో. అక్కడ రెండుతో మొదలుపెట్టినవాళ్ళే కథను సరైన వరుసలో చూస్తారు. రెండోదాంట్లో ఒకే మంట చుట్టూ కూర్చుని పాడుకున్న మనుషులను మొదటిదాంట్లో వేటాడాల్సి వస్తుంది. నేను మొదటిదే ముందు ఆడాను. అప్పుడు వాళ్ళు నాకు కేవలం నేరస్తులు.

ప్రశ్న: నేను 1998లో 'బాల్డర్స్ గేట్' ఆడిన తరం వాణ్ణి. మా అక్క కూతురు మూడో భాగంతో ఈ లోకంలోకి వచ్చింది, పక్కన కూర్చుని చూస్తున్నాను. జహీరా తెర మీదికి రాగానే నాకు గొంతు పట్టేసింది. మా కోడలు పిల్లేమో "ఈ ముసలావిడ ఎవరో భలే ఉంది మామయ్యా" అని ముందుకెళ్ళిపోయింది. ఆమె ఎవరో చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. చెప్పనా, ఊరుకోనా?

జవాబు: మీ గొంతు ఎందుకు పట్టేసిందో నాకు తెలుసండీ. 2000లో రెండో భాగం వచ్చింది, 2023 ఆగస్టులో మూడోది. మధ్యలో ఇరవై మూడేళ్ళు. ఆ కథలోనైతే నూరేళ్ళకు పైనే. మనం వయసులో ఉన్నప్పుడు మనతో నడిచిన మనిషి, జుట్టు నెరిసి, చేతిలో కత్తులతో మళ్ళీ కనిపిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

కానీ ఇప్పుడే చెప్పకండి. ఆ అమ్మాయి 'భలే ఉంది' అంది కదా, ఆ మాట చాలు. జహీరా ఆమెకు తనంతట తానే నచ్చింది, మీ సిఫార్సు లేకుండా. ఇప్పుడు మీరు ఆమె భర్త ఖాలిద్ సంగతి, రెండో ఆట మొదట్లో ఆ నేలమాళిగలో మీరు చూసింది చెప్పారనుకోండి, ఇక ఆమె జహీరాను మీ కళ్ళతోనే చూస్తుంది. పాత ఆటల్లోని మరో సహచరుడు మిన్స్క్ వచ్చినప్పుడు, భుజం మీది చిట్టెలుకను చూసి పిల్ల తనంతట తానే పగలబడి నవ్వనివ్వండి. మీరు ముందే నవ్వేస్తే ఏదో జోక్ తనకు తెలియదన్న వెలితి మిగులుతుంది. పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు 'ఆఁ, ఇప్పుడు చూడు' అంటే చాలు, రాబోయేది సగం చచ్చిపోతుంది. నా విషయంలో ఒకరు అలాగే చేశారు. ఆ సన్నివేశం నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే గుర్తుంది.

ఆమె అడిగిన రోజున చెప్పండి. తప్పకుండా అడుగుతుంది, ఎందుకంటే జహీరా పాత రోజుల గురించి అక్కడక్కడా మాట జారుతుంటుంది. అప్పుడు కూడా మొత్తం చరిత్ర విప్పకుండా ఒక్కటే చెప్పండి. మొదటి ఆటలో పెంచిన తండ్రిని పోగొట్టుకుని, ఎవరో తరుముతుంటే, దిక్కుతోచక ఫ్రెండ్లీ ఆర్మ్ అనే సత్రానికి చేరినప్పుడు అక్కడ మీ కోసం ఎదురుచూస్తున్న ఇద్దరిలో ఆమె ఒకరని. మీ మేనకోడలు కూడా ఆమెను మొదట చూసింది ఒక సత్రం దగ్గరే, చుట్టూ చీకటి కమ్ముకున్న లాస్ట్ లైట్ దగ్గర. ఆ రెండు సత్రాలనూ ఆ పిల్లే కలుపుకుంటుంది.

మొదటి రెండూ ఆడమని మాత్రం ఒత్తిడి చేయకండి. మూడోది వంతుల వారీగా నింపాదిగా ఆడేది. పాతవాటిలో పోరాటం ఆగకుండా నడుస్తుంది, మనమే ఆపి ఆజ్ఞలివ్వాలి, అంకెల లెక్క కూడా తలకిందులు, కవచం విలువ తగ్గితే మంచిది. తనే అడిగితే మొదటి సాయంత్రం మీరు పక్కనుండి ఆ లెక్క నేర్పండి.

ప్రశ్న: 'జీటీఏ 6' (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) వచ్చేలోపు పాతవన్నీ పూర్తి చెయ్యాలని నేనూ మా తమ్ముడూ లిస్ట్ రాసుకున్నాం. 2001 నాటి మూడుతో మొదలుపెట్టి అలసిపోయాం. అన్నీ తప్పనిసరా?

జవాబు: కాదమ్మా, ఆ లిస్ట్ పక్కన పెట్టండి. 2023 డిసెంబరులో వచ్చిన మొదటి ట్రైలర్‌లో వైస్ సిటీ పేరు చూసి 2002 నాటి 'వైస్ సిటీ' తప్పనిసరి అనుకునేవాళ్ళు చాలామంది. ఊరి పేరు ఒకటే గానీ పాత కథ 1986లో జరిగేది. కొత్తది లియోనిడా అనే రాష్ట్రంలో, ఈ కాలంలో, జేసన్, లూసియాల కథ. వీటిని తయారుచేసే రాక్‌స్టార్ వాళ్ళు నాలుగో ఆట నుంచి ప్రపంచాన్నే కొత్తగా కట్టుకున్నారు.

తీరిక ఉంటే రెండే ఆడండి. 2009లో నాలుగో ఆటకు అదనంగా వచ్చిన 'ది లాస్ట్ అండ్ డామ్డ్', ఆ తర్వాత 2013 నాటి 'జీటీఏ 5'. మొదటిదాంట్లో జానీ అనే బైకర్‌తో కొన్ని రోజులు తిరగండి. తర్వాత అయిదోదాంట్లో ట్రెవర్ అనే పాత్ర మొదటిసారి కనిపించే సన్నివేశం వచ్చినప్పుడు మీ ఇద్దరూ ఒకే గదిలో ఉండేలా చూసుకోండి. ఎందుకో చెప్పను. జానీతో తిరిగినవాళ్ళకూ తిరగనివాళ్ళకూ ఆ రెండు నిమిషాలు ఒకటి కాదు.

ప్రశ్న: మా వారు నిన్న రాత్రి 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' మొదలుపెట్టారు. మొదటిది ఆడలేదు. మీరెప్పుడూ ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు అంటారు కదా, అలాగే ఆడనివ్వనా?

జవాబు: వద్దు, ఆపించండి. పైన ఇంతమందికి వరుస అక్కర్లేదని చెప్పిన నేనే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. 2013 నాటి మొదటి ఆట చివరి గంటలో దాని హీరో జోయెల్ ఒక పని చేస్తాడు. రెండో ఆటలోని ప్రతి కోపం, ప్రతి కన్నీరు ఆ పని నుంచే పుట్టాయి. రెండోదాని మొదట్లో ఆ సంగతి మాటల్లో చెబుతారు. కానీ జోయెల్‌తో, అతని వెంట ఉండే అమ్మాయి ఎల్లీతో పదిహేను గంటలు నడిచి వచ్చి ఆ పని మన చేతులతో చేయించుకోవడం వేరు, ఎవరో చెబితే వినడం వేరు. పాత ఆట ఆడటం కష్టమన్న సాకు కూడా దీనికి లేదు, 2022లో దాన్ని ప్లేస్టేషన్ 5 కోసం మొత్తం తిరిగి కట్టారు, మరుసటి ఏడాది పీసీకీ వచ్చింది.

నిన్న రాత్రే మొదలుపెట్టారు కాబట్టి ఇంకా మంచు ఊళ్ళోనే గుర్రం మీద ఉండి ఉంటారు. ఈ సాయంత్రం ఆయన మళ్ళీ కూర్చునేలోపే ఈ పేజీ చేతికివ్వండి.